మూడో బొమ్మ నొక్కిన ఊరు

సిర్కా తొస్సవాయినెన్ ఎదుటివాళ్ళ మొహం చూసి మాట్లాడదని కువోపియో పట్టణంలో ఆమెను ఎరిగినవాళ్ళందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె చూసేది బొటనవేలి వంక. బస్సులో, డాక్టరు గుమ్మం ముందు, చేపల కొట్టు దగ్గర వరుసలో, ఎవరు ఫోన్ బయటికి తీసినా సరే, ఆ వేలు ఎక్కడిదాకా అందుతోందో, ఎక్కడ తడబడుతోందో, ఎప్పుడు విసుగొచ్చి ఆగిపోతోందో గమనిస్తూ కూర్చుంటుంది. ఒకసారి ఇలాగే కళ్ళప్పగించి చూస్తుంటే, పక్కసీటు పెద్దమనిషి తన ప్రేమ సందేశాలు చదివేస్తోందని హడలిపోయి వచ్చే స్టాపులో దిగిపోయాడు. అది ఆయన దిగాల్సిన స్టాపు కాదని సిర్కా అనుమానం. బస్సు కదిలాక కూడా ఆయన మరో బస్సు కోసం మంచులో అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆమె పని అలాంటిది. జనానికి ఏ సబ్బు నచ్చుతోంది, ఏ పెరుగు డబ్బా మూత తీయబోతే చొక్కా మీద చిందుతోంది, ఇలాంటివన్నీ అడిగి తెలుసుకుని ఆయా కంపెనీలకు చెప్పడం. చెప్పుల దుకాణం పైన చిన్న ఆఫీసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తర్వాత ఇళ్ళకు టెలిఫోన్లు చేసి తిట్లు తింది. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు అంతా చేతిలో పట్టే ఫోన్లోనే. ఫోన్లు వచ్చిన కొత్తలో తోటివాళ్ళు పాత కాగితం ప్రశ్నలనే అక్షరాలు కుదించి ఫోన్లోకి ఎక్కించేవాళ్ళు. కంబళిని జేబులో కుక్కినట్టుందని సిర్కా వాళ్ళను ఆడిపోసుకునేది. ఆమె పద్ధతి వేరు. తెరకొక్కటే ప్రశ్న. పైకీ కిందికీ జరపనక్కర్లేకుండా అంతా ఒక్కసారే కనబడాలి. బటన్లు ఎంత పెద్దగా ఉండాలంటే, మొద్దువేలు కూడా గురి తప్పకూడదు. మాటలు ఇంట్లో మాట్లాడుకునేవే ఉండాలి. ఇంతా చేసి చివర కాఫీ పరీక్ష పెట్టేది. దొరికిన మనిషిని దొరికినట్టు కూర్చోబెట్టి, ఒక చేతికి నిండు కాఫీ కప్పు, రెండో చేతికి ఫోను ఇచ్చేది. జవాబు చెప్పడానికి ఆ మనిషి కప్పు కింద పెట్టాడో, ఆ ప్రశ్న చెత్తబుట్టలోకి పోయినట్టే. ఆమె మొగుడు ఇంట్లో కాఫీ తాగాలనుకుంటే ముందు తన ఫోను ఎక్కడైనా దాచి వచ్చేవాడు.

హెల్సింకిలో కూర్చునే ఆమె పై అధికారి యోవాకిమ్‌కు ఈ కాఫీ పరీక్ష మహా ఇష్టం. అతను కుర్రవాడు, బుద్ధిమంతుడు, అడిగినదానికి అవుననో కాదనో జవాబు వస్తుందని నమ్మే దక్షిణాది మనిషి. కువోపియో ఉన్న ఈ సావో ప్రాంతం వాళ్ళ సంగతి అతనికి ఇంకా తెలియదు. సావోలో టైము ఎంతయిందని అడిగితే కూడా, గడియారం ఉన్నవాడు ఆకాశం వంక చూసి, మీరేమనుకుంటున్నారని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఆ చలికాలం సిర్కాకు ఒక దుకాణాల సంస్థ పని వచ్చింది. సార్కికోస్కి సరస్సు చుట్టూ ఉన్న చిన్న ఊళ్ళకు ఆ సంస్థ ప్రతి గురువారం ఒక దుకాణం బండి పంపుతుంది. పాత బస్సులో సీట్లు పీకేసి అరలు బిగించారు. రొట్టెలు, పాలు, చక్కెర, బ్యాటరీలు, ఉన్ని సాక్సులు, పక్షుల గింజలు, అన్నీ అందులోనే. నడిపేదీ సరుకు తూచేదీ ఊళ్ళ కబుర్లు మోసేదీ ఒక్కడే, ఓయివా అనేవాడు. ఆ బండి దండగని సంస్థలో కొందరికి తోచింది. జనానికి అంతగా అక్కర్లేకపోతే మంచు కరగగానే అమ్మేద్దామని అనుకున్నారు. అక్కర ఉందో లేదో ముందు జనాన్నే అడుగుదామన్నాడు ఆ ప్రాంతపు మేనేజరు కెట్టునెన్. ఆ అడిగే పని సిర్కా చేతిలో పడింది.

సిర్కా ముచ్చటపడి తయారుచేసింది. ఒకే తెర, ఒకే ప్రశ్న. మీ ఊరికి వచ్చే దుకాణం బండి ఎలా ఉంది? కింద వరసగా ఐదు మొహాలు. ఏడుపు బొమ్మ, మూతిముడుపు బొమ్మ, నోటి స్థానంలో అడ్డగీత ఉన్న బొమ్మ, నవ్వు బొమ్మ, పళ్ళన్నీ బయటపెట్టి ఇకిలించే బొమ్మ. నచ్చినదాని మీద వేలు పెడితే అయిపోయింది. కాఫీ పరీక్షలో చుక్క ఒలకలేదు. ఇంత అందమైన ప్రశ్న తన జన్మలో చేయలేదని మురిసిపోయి, ఆ రోజు తనకు తాను దాల్చినచెక్క బన్ను కొనుక్కుని తింది.

ఊళ్ళలో దాదాపు అందరూ జవాబిచ్చారు. అంతమంది జవాబివ్వడం ఆఫీసు చరిత్రలో లేదు. యోవాకిమ్ హెల్సింకి నుంచి కంప్యూటరు తెర మీదే కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. కొట్టి, కూర్చుని, లెక్కలు చూశాడు. అందరూ నొక్కింది మూడోది. అడ్డగీత బొమ్మ.

"అంటే బండి ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే అన్నమాట" అన్నాడు యోవాకిమ్. కెట్టునెన్‌కు పంపిన నివేదికలోనూ అదే రాశాడు.

మర్నాడు సిర్కా ఫోను మోగింది. ఓయివా. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడి, ఒకే తరగతి. గడ్డకట్టిన చేపను ఆమె బూటులో దూర్చి పెట్టిన ఘనత అతనిది. బదులుగా అతని స్కీ కర్రలకు తారు పూసిన ఘనత ఆమెది. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

"ఏమే సిర్కా, నా బండికి గొయ్యి తవ్వడానికి నీకంటే మంచి పార దొరకలేదా వాళ్ళకి?" అన్నాడు ఓయివా.

"నీ బండికి ప్రత్యేకంగా గొయ్యెందుకురా? తుప్పు పట్టి సగం దానికదే కూరుకుపోయింది కదా."

"నవ్వు నవ్వు. మంచు కరిగాక నేను నీ ఆఫీసు కింద చెప్పులు అమ్ముకుంటూ కూర్చుంటా. రోజూ నా మొహం చూడాల్సొస్తుంది."

"అంత శిక్ష వెయ్యకురా నాకు" అని ఫోను పెట్టేసింది గాని, సిర్కాకు గుండెలో కలుక్కుమంది. తప్పు తనదే. ఈ మట్టిలో పుట్టి, ఈ మాటల మధ్య పెరిగి, ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయింది? బొమ్మలు అందంగా ఉన్నాయని మురిసిపోయింది తప్ప, వాటిని నొక్కాల్సిన మనుషులు ఎవరో తలుచుకోనేలేదు. ఇకిలించే బొమ్మను చూసి ఆ ఊళ్ళవాళ్ళు ఏమనుకుని ఉంటారో ఊహిస్తేనే ఆమెకు చెవులు వేడెక్కాయి.

వెంటనే కెట్టునెన్‌కు ఫోను కలిపింది. యోవాకిమ్ కూడా వింటున్నాడు. ప్రశ్న సరిగా కుదరలేదు, ఇంకోసారి అడిగే అవకాశం ఇవ్వమని బతిమాలింది.

"ఇస్తే ఇవ్వొచ్చు" అన్నాడు కెట్టునెన్. "నెలాఖరు దాకా."

ఫోను పెట్టేశాక యోవాకిమ్ అడిగాడు. "ఇంతకీ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

"ఇచ్చినట్టే. ఇవ్వకూడదనుకుంటే 'మంచి ఆలోచనే' అనేవాడు" అంది సిర్కా.

యోవాకిమ్ ఆ ముక్క ఎక్కడో రాసుకున్నాడు.

గురువారం పొద్దున్నే సిర్కా దుకాణం బండి ఎక్కింది. ఓయివా పక్కన బంగాళాదుంపల బస్తా మీద ఆమె సీటు. కిటికీ అద్దాల మీద మంచు పొరలు కట్టింది. రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. సరస్సు మలుపు దగ్గర ఒకప్పుడు పాల క్యాన్లు పెట్టే చెక్క అరుగు ఉంది. బండి అక్కడ ఆగింది. అప్పటికే అక్కడ ఇద్దరు నిలబడి ఉన్నారు, ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ.

ఒకరు హిల్పా. పొట్టిగా, గుండ్రంగా, ఎర్ర టోపీతో ఉంటుంది. రెండోవాడు ఆమె పొరుగింటి ఉర్హో. పొడుగాటి మనిషి, అప్పుడే నున్నగా గీసిన గడ్డం, తెగినచోట అంటించిన చిన్న కాగితం ముక్క. సరస్సులో వల ఎవరు ఎక్కడ వేయాలనే దాని మీద ఎప్పుడో తగువొచ్చి, అప్పటి నుంచి వాళ్ళకు మాటల్లేవు. ఏ ఏడాది వచ్చిందో వాళ్ళకూ గుర్తులేదు. తగువు మాత్రం పదిలంగా ఉంది.

హిల్పా లోపలికొచ్చి, తిన్నగా వెళ్ళి ఒక చక్కెర పొట్లం తీసుకుని, ఓయివా ముందు పెట్టి, ఇక కదలకుండా నిలబడింది. ఊళ్ళో ఎవరి పొయ్యి పొగ సరిగా పోవడం లేదో, ఎవరి మనవరాలికి పన్ను ఊడిందో చెప్పుకొచ్చింది. ఆ కబుర్లు అయ్యేదాకా ఆగి సిర్కా మెల్లగా కదిపింది.

"హిల్పా పిన్నీ, ఫోన్లో బొమ్మల ప్రశ్నొకటి వచ్చింది కదా. ఏది నొక్కావు?"

"నొక్కింది నొక్కాను."

"మధ్యదా?"

"మధ్యదే అయ్యుండొచ్చు."

"అంటే బండి బాగాలేదా?"

"బాగాలేదని ఎవరన్నారు? బాగాలేకపోతే దాని పక్కనున్న మూతిముడుపుది నొక్కేదాన్నిగా."

"మరి బాగుంటే ఇటుపక్కది నొక్కాలి కదా? నవ్వేది?"

హిల్పా ఆమెను కింద నుంచి పైదాకా చూసింది. "చూడు పిల్లా. నా పెళ్ళినాడు కూడా నేను అంత నవ్వలేదు. చక్కెర కొన్నందుకు నవ్వాలా?"

"పోనీ ఆ చివరిది?"

"పళ్ళు చూపించేదా? అది పళ్ళ డాక్టర్ కోసం పెట్టారనుకున్నా."

ఉర్హో వెనకాల రొట్టెల అర దగ్గర నిలబడి, ఎవరితోనూ కాదన్నట్టు గొణిగాడు. "మధ్యది నాలాగే ఉంది. నా ఫోటో ఎవరో ఎక్కించారనుకుని నొక్కాను."

ఓయివా స్టీరింగు మీద పడి నవ్వుతున్నాడు. సిర్కాకు ఒళ్ళు మండింది. "నువ్వెందుకురా పళ్ళికిలిస్తావు? నీకూ వచ్చింది కదా ఆ ప్రశ్న. నువ్వేం నొక్కావు?"

ఓయివా నవ్వు ఆపి, టోపీ సర్దుకున్నాడు. "మూడోదే."

"నీ బండికి నువ్వే మూడోది నొక్కావా!"

"మరి? నా గొప్ప నేనే చెప్పుకోనా? జనం ఏమనుకుంటారు?"

సిర్కా బంగాళాదుంపల మీద కూలబడింది. కాసేపటికి ఆమె చేతులు ఊరుకోలేదు. ఒళ్ళోని కంప్యూటరు తెరిచి అక్కడికక్కడే కొత్త ప్రశ్న తయారుచేసింది. బొమ్మలు లేవు. బండి రావడం ఆగిపోతే మీకు ఇబ్బందా? అవును, కాదు. ఆ రెండూ పెట్టాక ఆమెలోని కొంటెతనం ఆగక మూడో బటన్ ఒకటి కలిపింది. కావచ్చు, కాకపోనూవచ్చు. ఫోను అందరికీ తిప్పింది. బండిలో ఉన్న ప్రతి మనిషీ ఆ మూడో బటనే నొక్కాడు, అదీ ఎంతో ఇష్టంగా. ఉర్హో రెండుసార్లు నొక్కాడు.

"ఇన్నాళ్ళకి ఒక తెలివైన ప్రశ్న అడిగావు" అని మెచ్చుకుంది హిల్పా.

సరే, ఆ మూడోది పీకేసి మళ్ళీ ఇచ్చింది. ఉర్హో ఫోను వంక అనుమానంగా చూసి, చేతి తొడుగు మళ్ళీ తొడుక్కుని, "ఇది పోలీసుల ప్రశ్న" అని తిరిగిచ్చేశాడు.

ఆమెకు దిగులు పట్టుకుంది. నెలాఖరు దగ్గరికొచ్చింది. అడిగితే చెప్పరు, అడగకపోతే బండి ఉండదు. హిల్పా చక్కెర పొట్లం చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే, సిర్కా చేయందించి, ఏ ఆశా లేకుండా, మర్యాదకు అడిగినట్టు అడిగింది.

"బండి రాకపోతే ఎలా పిన్నీ నీకు?"

"నాకేం? రాయిలా ఉన్నా. బతికేస్తా." హిల్పా మెట్టు మీద ఆగి, వెనక్కి ఉర్హో వైపు గడ్డం ఎగరేసి, గొంతు తగ్గించింది. "ఆ పొడుగోడే పాపం. అతనికే కష్టం. అడిగితే ఒప్పుకుంటాడా? ఛస్తే ఒప్పుకోడు." అంటూనే మొదలుపెట్టి, అతని పొయ్యి సంగతి, పడవ సంగతి, కాలి నొప్పి సంగతి, మంచులో వణుకుతూనే, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

ఆమె దిగిపోయాక ఉర్హో వచ్చి రొట్టె ముందు పెట్టాడు. సిర్కా అతన్నీ అదే మాట అడిగింది.

"నాకేం. పడవుంది. స్కీలున్నాయి" అన్నాడు ఉర్హో. కిటికీలోంచి ఎర్ర టోపీ దూరమవుతుంటే చూశాడు. "ఆవిడకే పాపం. కానీ నేను చెప్పానని అనొద్దు." ఆ తర్వాత అతను మాట్లాడినంత మాట్లాడటం ఓయివా ఎన్నడూ వినలేదట. రేడియో కూడా కట్టేసి విన్నాడు.

బండి కదిలాక సిర్కా ఓయివా భుజం మీద ఒక్కటి చరిచింది. "దొరికిందిరా! వీళ్ళని వీళ్ళ గురించి అడిగితే నోరు కుట్టేసుకుంటారు. పక్కవాళ్ళ గురించి అడగాలి!"

"దానికి ఇంత చదువెందుకే? మా అమ్మ రోజూ అదే చేసేది" అన్నాడు ఓయివా.

ప్రశ్న మారింది. దుకాణం బండి ఆగిపోతే మీ పొరుగువాళ్ళు ఎలా నెట్టుకొస్తారు? మూడు పెద్ద బటన్లు. హాయిగా, ఎలాగోలా, నెట్టుకురాలేరు. వేలు అలవాటుగా మధ్యలోకి పోకుండా, ఒక్కో ఫోనులో వాటి వరస ఒక్కోలా మారుతుంది. కింద గుండ్రంగా ఇంకొక బటన్ పెట్టింది. ఉన్ని తొడుగుతో నొక్కినా పలికేలా ఉంటుంది, దాన్ని నొక్కిపట్టి చెప్పాలనుకున్నది చెప్పుకోవచ్చు.

యోవాకిమ్ తల పట్టుకున్నాడు. "ఇది సర్వేనా, పక్కింటి పుకారా?"

"రెంటికీ పెద్ద తేడా లేదు నాయనా. పుకారుకి జీతం ఉండదు, అంతే."

ఓయివా ఇంకో రకంగా వెంటపడ్డాడు. "ఒక పని చెయ్యవే. నెట్టుకురాలేరు అన్నది పెద్దగా పెట్టు. మిగతా రెండూ చీమంత చెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నువ్వెవరికి చెప్తావు?"

"రేపు ఇంకెవడి పెరుగు డబ్బా గురించో చెప్పినప్పుడు నా మాట ఎవడు నమ్ముతాడురా? నోర్మూసుకుని బండి నడుపు." గట్టిగానే అంది. కానీ ఆ సాయంత్రం బటన్ల కొలతలు సరిచూస్తున్నప్పుడు, ఒక్క వెంట్రుకవాసి పెంచితే ఏం పోతుందని ఆమెకూ అనిపించింది. చేయి అటు వెళ్ళింది కూడా. వెనక్కి లాక్కుని, ప్రశ్నను ఉన్నదున్నట్టు ఊళ్ళకు పంపేసి, మళ్ళీ మనసు మారకుండా ఊరు చివరి దాకా నడిచి వచ్చింది.

జవాబులు వరదలా వచ్చాయి. తమ గురించి రెండు మాటలు చెప్పడానికి గింజుకునే మనుషులు, పొరుగువాళ్ళ గురించి ఫోను తెగిపోయేదాకా మాట్లాడారు. తెగిపోతే మళ్ళీ నొక్కి, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి ఎత్తుకున్నారు. ఓయివా గురించి కూడా బోలెడు వచ్చింది. బన్నులు నిన్నటివి అమ్ముతాడట. రేడియో చెవులు బద్దలు కొడుతుందట. ఒక ఊళ్ళో కబుర్లు మొదలుపెడితే పక్క ఊరికి పాలు విరిగాక చేరతాడట. సిర్కా అవన్నీ ఒక్కటి కూడా వదలకుండా నివేదికలో ఎక్కించింది. ఆ పని చేసేటప్పుడు మాత్రం ఆమె మొహంలో ఒక వెలుగు కనబడిందని తోటివాళ్ళు చెబుతారు.

నెలాఖరున కెట్టునెన్ చెప్పుల దుకాణం మెట్లెక్కి వచ్చాడు. యోవాకిమ్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. సిర్కా కాఫీ పోసి, గీతల బొమ్మ చూపించింది. నెట్టుకురాలేరు అన్న గీత మిగతా రెంటి కంటే ఎంతో పొడుగ్గా ఉంది.

కెట్టునెన్ దాన్ని చూసి పెదవి విరిచాడు. "పక్కవాళ్ళ గురించైతే ఎవరైనా ఏమైనా అంటారు."

"అంటారు" అంది సిర్కా. "కొన్ని వినండి."

పేర్లు తీసేసింది, గొంతులు మార్చింది. ఆడో మగో తెలియని గొంతు ఒకటి మొదలైంది. "పక్కింటాయన బండి అక్కర్లేదనే చెప్తాడు. చేపలు పడతాడు, నేలమాళిగ నిండా దుంపలున్నాయి. తిండికి లోటు లేదు. కానీ మా పక్కింటాయన వారంలో ఒక్కసారే గడ్డం గీసుకుంటాడు. గురువారం పొద్దున. బండి మానేశారనుకోండి, ఇంకెవరి కోసం గీసుకుంటాడు?"

ఆ వెంటనే ఇంకొక గొంతు వచ్చింది. "పొరుగావిడ ప్రతి వారం చక్కెర కొంటుంది. ఆవిడకి చక్కెర జబ్బు, డాక్టరు ఎప్పుడో మాన్పించేశాడు. ఆ పొట్లాలన్నీ ఏం చేస్తుందో నాకు తెలీదు. నా కిటికీ అటే ఉంది కాబట్టి కనబడుతుంది, అంతే. నేను చూడను. బండెక్కి ఏదో ఒకటి కొనకుండా నిలబడటం ఆవిడకి నామోషీ. అందుకని కొంటుంది. చక్కెర కోసం కాదు."

కెట్టునెన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. సిర్కా లెక్క ప్రకారం అది చెత్తబుట్టకు పోవాల్సిన ప్రశ్న. ఈ ఒక్కసారికి ఆ లెక్క మర్చిపోయింది. కింద చెప్పుల దుకాణంలో ఎవరో బూట్లు తొడిగి నేలకు తాటించి చూస్తున్న చప్పుడు వినబడుతోంది.

"మా నాన్న కూడా ఇంతే" అన్నాడు కెట్టునెన్. ఎంత అన్నది చెప్పలేదు. కోటు తొడుక్కుని, తలుపు దాకా వెళ్ళి, తిరిగి చూడకుండానే అన్నాడు. "నడిపితే నడపొచ్చు."

మెట్ల మీద అడుగులు దూరమయ్యేదాకా ఆగి సిర్కా తెర వైపు తిరిగింది. యోవాకిమ్ చేయెత్తి ఆమెను ఆపాడు.

"ఉండు, నన్ను చెప్పనీ. నడుపుతారు!"

"కావచ్చు, కాకపోనూవచ్చు" అని సిర్కా కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకుంది. కాఫీ ఆవిరి తగిలిందని చెప్పింది. ఆ కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

ఆ తర్వాతి గురువారం ఆమెకు ఆఫీసు పని లేకపోయినా దుకాణం బండెక్కింది. అరలో ఆనాటి బన్నులే ఉన్నాయి. రేడియో గొణుగుతోంది. బంగాళాదుంపల బస్తా మీద ఎవరో ఒక మెత్త వేసి ఉంచారు.

"ఇదేంట్రా, నాకే?" అంది సిర్కా.

"నీకెందుకు? బస్తాకి చలేస్తుందని వేశాను" అన్నాడు ఓయివా. కొంత దూరం పోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మళ్ళీ అన్నాడు. "ఇంతకంటే ఘోరంగానూ చేసి ఉండొచ్చు నువ్వు."

ఇంత పెద్ద పొగడ్త అతని నోట సిర్కా ఎన్నడూ వినలేదు. ఆమె గభాలున కిటికీ వైపు తిరిగి, లేని మంచును గోటితో గీకింది.

సరస్సు మలుపు దగ్గర చెక్క అరుగు మీద ఇద్దరూ వీపులు చూపించుకుంటూ నిలబడి ఉన్నారు. హిల్పా ఎక్కి, చక్కెర తీసుకుని, సిర్కా పక్కకొచ్చి చెవిలో గుసగుసలాడింది.

"మొన్నటి ఫోను ప్రశ్నలో నా గురించి అతనేమన్నాడు?"

"అది ఎవరికీ చెప్పకూడదు పిన్నీ. ఉద్యోగం ఊడుతుంది."

"ఏమైనా అన్నాడా, అసలు అనలేదా?"

"అని ఉండొచ్చు, అనకపోయీ ఉండొచ్చు."

హిల్పా కళ్ళు చికిలించి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఉర్హో గడ్డం వైపు చూసింది. ఇవాళ కాగితం ముక్కలు రెండున్నాయి. ఓయివాతో చెబుతున్నట్టుగా, బండంతా వినబడేలా అంది.

"ఇవాళ బండిలో సబ్బు వాసన ఎక్కువైంది. ఎవరిదో మరి."

రొట్టెల అర దగ్గర ఎవరో రొట్టె తీసి మళ్ళీ పెట్టిన చప్పుడైంది. తర్వాత ఉర్హో గొంతు, అది కూడా ఓయివాతో చెబుతున్నట్టే వినబడింది.

"చక్కెర బరువు. ఆ పొట్లం మోసుకుంటూ మంచులో పడితే లేపేవాడు ఉండడు. ఎవరైనా ఆగితే, పట్టుకుంటే పట్టుకోవచ్చు."

హిల్పా మెట్ల దగ్గర ఆగింది. పొట్లం ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. ఆ తర్వాత, ఎటో చూస్తూ, దాన్ని పక్కకు చాచి పట్టుకుంది. ఉర్హో వచ్చి అందుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండానే దిగి, సరస్సు దారిలో ఒకరి వెనక ఒకరు నడిచి పోయారు.

ఓయివా గేరు వేయడం మర్చిపోయి చూస్తున్నాడు. "చూశావా" అన్నాడు మెల్లగా.

చూసింది సిర్కా. గుండె నిండిపోయి, పక్కన ఎవరూ లేకపోతే ఎగిరి గంతులేసేదే. కానీ పక్కన ఓయివా ఉన్నాడు. అద్దంలో ఆమె మొహం అచ్చం ఆ మూడో బొమ్మలా ఉంది.